టపా బాటలో గుండ్రాళ్లు

అనంతపురం
4 ఆగస్టు 2024

మామకు ఇర్ఫానా సలాములు.

నీ రెండో చెవి కూడా మొరాయిస్తోందని షీరీన్ వదిన చెప్పింది. ఫోన్ దగ్గర పెడితే ఎవరో ఇసుక జల్లిస్తున్నట్టుంది అంటున్నావట. మెసేజీలు చూడమంటే ఆ అక్షరాలు చీమల్లా ఉన్నాయని ఫోన్ బోర్లా పెట్టేస్తున్నావట. సరే, ముప్పై ఎనిమిదేళ్లు ఎర్రమిట్ట నుంచి గుండ్లపల్లెకు కొండ దాటి టపా సంచి మోసినవాడివి. మేనకోడలి ఉత్తరం ఒకటి నీకూ రావాలి కదా.

పోయిన నెల మా కాలేజీలో డాక్టర్లు వచ్చి అందరికీ రక్తం పరీక్ష చేశారు. ముప్పై ఒక్కమంది లెక్చరర్లలో పంతొమ్మిది మందికి షుగరో బీపీయో ఉందని తేలింది. ఆ కాగితం చూసి మా ప్రిన్సిపాల్ గారు కుర్చీలో అలాగే ఉండిపోయారు. నాకు ముప్పై నాలుగేళ్లే, నాకూ షుగరు గడప దాకా వచ్చి నిలబడి ఉందట. ఇంటికి పోయి అమ్మతో చెబితే, "అందుకే చెప్తి, బండి దిగి నడువు అని" అంది.

అప్పటినుంచి పొద్దున్నే గ్రౌండు చుట్టూ తిరుగుతున్నాం. నాలుగు వారాలకే అందరికీ విసుగొచ్చింది, గానుగెద్దు బతుకైపోయింది. మా కాలేజీ ల్యాబులో పనిచేసే ఓబిలేష్ ఒక మాట అన్నాడు: "మేడమ్, మన జిల్లాలో కాలిబాటలకు కొదవా? నడిచే మనుషులకే కరువు." ఆ మాట నాకు పట్టేసింది. పాత బాటలన్నీ ఒక్కొక్కటే బాగుచేసి, టౌనువాళ్లూ పల్లెవాళ్లూ కలిసి నడిచేలా చేద్దామని ఒక బృందం కట్టాం. మొదటి బాట నీదే. చిన్నప్పుడు నీ కాలి పగుళ్లకు ఆముదం రాస్తూ ఆ బాట కథలు విన్నాను కదా. ఆ దారి ఎటు పోతుందో గుర్తులతో సహా రాసి పంపు.

బాగా తిని, మందులు వేసుకో. వదినతో కొట్లాడకు.

నీ మేనకోడలు
ఇర్ఫానా

---

బళ్లారి
12 ఆగస్టు 2024

అమ్మాయి ఇర్ఫానాకు దీవెనలు.

నీ ఉత్తరం అందింది. కవరు మీద పిన్‌కోడ్ తప్పు రాశావు. అయినా వచ్చింది, మా డిపార్టుమెంటు గొప్పదనం అది.

నడవమని జనానికి ప్రచారం చెయ్యాల్సి వచ్చిందని చదివి నివ్వెరపోయాను. కాళ్లున్నవాళ్లకు ఎవరైనా చెప్పాలా? రేపు అన్నం నమలమని కూడా బృందాలు కడతారు కాబోలు. షీరీన్‌కు చదివి వినిపిస్తే నవ్వి, "నువ్వు కూడా వీధి చివరి దాకా పోయిరా నాయనా" అంది. పోయి వచ్చాను. ఈ ఊళ్లో నడవడానికి బాట లేదు, స్కూటర్ల మధ్య సందులున్నాయి.

దారి రాసుకో. ఎర్రమిట్ట పోస్టాఫీసు వెనక మొదలవుతుంది. ముందు వంక దాటాలి. నీళ్లుంటాయని చెప్పులు చేత్తో పట్టుకునేరు, ఆ వంకలో రాళ్లు తప్ప నీళ్లు పారింది నా ఉద్యోగంలో పట్టుమని పదిసార్లు. తర్వాత చెనక్కాయ చేలు. చేలు దాటితే ఏనుగు వీపులాంటి గుండు ఒకటి, దానికి కుడిపక్కనే పోవాలి, ఎడమకు పోతే కంపలో పడతారు. అక్కణ్ణుంచి ఎక్కుడు. కనుమ ఎక్కి దిగితే తిప్పయ్య కొట్టాలు, పదిళ్ల పల్లె. అక్కడ తిమ్మక్క ఉంటుంది, నా పేరు చెప్పు, నీళ్లిస్తుంది. కొట్టాల నుంచి గుండ్లపల్లె చదును బాటే. మొత్తం ఐదు కిలోమీటర్లు. సంచితో నేను గంటా పది నిమిషాల్లో పోయేవాణ్ణి. మీకు మూడు గంటలు పడుతుంది, మధ్యలో ఫొటోలు తీసుకుంటారు గనక.

ప్లాస్టిక్ సీసాలు పారేస్తే మాత్రం ఊరుకోను.

ఇట్లు
రహంతుల్లా

---

అనంతపురం
16 సెప్టెంబరు 2024

మామకు సలాములు.

బాట దొరికింది. నువ్వు చెప్పినట్టే వంక, చేలు, గుండు, కనుమ, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. మొదటి ఆదివారం ఏడుగురం పోయాం, నిన్న నలభై ఇద్దరం. కొట్టాల ఆడవాళ్లు మమ్మల్ని చూసి కొడవళ్లు పక్కన పెట్టి అలాగే నిలబడిపోయారు. ఒకామె అడిగింది, "ఏమ్మా, కార్లుండీ నడస్తాండారు, పెట్రోలు అయిపోయిందా?" షుగరు తగ్గడానికి అని చెబితే వాళ్లకు నమ్మకం కుదరలేదు. వాళ్లు రోజూ రేషనుకూ బడికీ కూలికీ ఆ కనుమ ఎక్కి దిగేవాళ్లే. మేము సెలవు పెట్టుకుని మరీ ఎక్కామంటే వింతగానే ఉంటుంది.

తిమ్మక్క కోసం అడిగాను. కూతురింటికి కళ్యాణదుర్గం పోయిందట, పండక్కి పోయి ఇంకా రాలేదు.

అసలు సంగతి చెప్పనా? బాట గుర్తు తెలియక కొత్తవాళ్లు తప్పిపోతున్నారని, రెండు ఆదివారాలు కష్టపడి ఒక వైపు అంచు కట్టేశాం. రాళ్ల కోసం వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది. కనుమ మీద ఎవరో మాకోసమే పోగుచేసి పెట్టినట్టు పెద్ద కుప్ప. అన్నీ పిడికిలంత, నున్నగా, గుండ్రంగా. నువ్వు అన్ని గుర్తులూ రాశావు గానీ ఆ కుప్ప సంగతి రాయలేదేం? మనిషికో గోనెసంచి పట్టుకుని మోసుకొచ్చి, పొడవునా మూడడుగులకొకటి చొప్పున పేర్చాం. పైన సున్నం కొట్టాం. దూరం నుంచి చూస్తే కొండకు ముగ్గేసినట్టుంది. ఒక్క రాయి మిగల్లేదు, ఒక్క రాయి తక్కువ కాలేదు.

ఫొటో పంపుతున్నాను. నడుం మీద చెయ్యి పెట్టుకుని మేస్త్రీలా నిలబడింది ఓబిలేష్.

మురిసిపోతూ
నీ ఇర్ఫానా

---

బళ్లారి
24 సెప్టెంబరు 2024

ఇర్ఫానాకు,

ఫొటో చూశాను. ఆ కుప్ప తీసేశారా? అంతా?

షీరీన్ వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తప్పు నాదే, రాయాల్సింది, రాయలేదు. పోనీ. సున్నం కొట్టాక ఇంకేం చెప్పుకుంటాం.

మీ నడక మీరు నడవండి. నాకు ఇంక రాయాలని లేదు.

రహంతుల్లా

---

అనంతపురం
21 అక్టోబరు 2024

మామకు,

నీకు కోపం వచ్చిందని తెలుసు. పాత నమ్మకం ఏదో చెడగొట్టాననుకున్నావు. రాళ్లకుప్పకు దణ్ణం పెట్టే రకం కాదు కదా నువ్వు, అని నెల రోజులు నేనూ మూతి బిగించుకు కూర్చున్నాను. ఇప్పుడు అలకకు టైము లేదు.

మామా, నీ బాట మూసేశారు.

దసరా తర్వాతి రోజు పోయేసరికి వంక గట్టు నుంచి గుండు దాకా ముళ్లకంచె. బెంగళూరు ఆసామి ఎవరో ఆ చేలన్నీ కొన్నాడట. బాటకు అడ్డంగా ఇనుప గేటు, గేటుకు తాళం. నేను తాళం పట్టుకుని లాగాను, పిచ్చిదానిలా. అది నిజంగానే వేసి ఉంది. అటువైపు తిమ్మక్క నిలబడి ఉంది, నెత్తిమీద ఖాళీ రేషను సంచితో. "యాడ పోవాల్నమ్మా మేము? రోడ్డెంబడి చుట్టూ పోతే పద్నాలుగు కిలోమీటర్లుండాది" అంది. కొట్టాల్లో పిల్లలు పదకొండు మంది ఎర్రమిట్ట బడికొస్తారు. వారం రోజులుగా ఒక్కరూ రాలేదని అయ్యవారు చెప్పారు.

ఆసామి మేనేజరు హరినాథ్ అనే అతను మర్యాదగానే మాట్లాడాడు, అదే ఎక్కువ భయం వేసింది. "ఊరి పటంలో కాలిబాట అని చుక్కల గీత ఉంది మేడమ్, కాదనం. రోడ్డు పడి పాతికేళ్లయింది, ఆ గీతలో నడిచినోడు లేడు. మీరు సున్నం కొట్టేదాకా అది బాటని ఎవరికి తెలుసు?" అన్నాడు. ఎర్రమిట్ట రెవెన్యూ ఆఫీసుకు పోతే అక్కడి మేడమ్ కూడా, పదిళ్లవాళ్ల నోటిమాట చాలదు, బాట వాడుకలో ఉన్నట్టు కాగితం తెండి అంది. రోజూ నడిచే కాళ్ల కన్నా కాగితమే గట్టిదని విని కొట్టాలవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కాగితం మన దగ్గర ఉంది కదా మామా, నువ్వున్నావు. 2017లో నువ్వు రిటైరయ్యేదాకా టపా ఆ బాటలోనే పోయిందని, గుండ్లపల్లె పోస్టాఫీసులో నువ్వు రోజూ సంతకం పెట్టిన పుస్తకాలు తెప్పించి చూడమని నా చేత్తో అర్జీ రాసిచ్చాను. విచారణ 29న. నువ్వు రావాల్సిన పని లేదు, నీ సంతకాలొస్తే చాలు.

ధైర్యంగా ఉన్నాను.
ఇర్ఫానా

---

బళ్లారి
26 అక్టోబరు 2024

ఇర్ఫానా,

ఉత్తరం ఇప్పుడే అందింది. ఆ పుస్తకాలు తెప్పించొద్దు. అర్జీ వెనక్కి తీసుకో. కారణం తర్వాత రాస్తాను. షీరీన్‌ను ఫోన్ చెయ్యమన్నాను, నీ ఫోన్ కలవలేదట. స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

రహంతుల్లా

---

అనంతపురం
30 అక్టోబరు 2024

మామకు,

నీ స్పీడ్ పోస్టు ఇవాళ పదింటికి వచ్చింది. విచారణ నిన్ననే అయిపోయింది. అంతకుముందు మూడు రోజులూ కొట్టాల్లోనే ఉన్నాను, అక్కడ ఫోన్ కలవదు; నిన్న ఆఫీసు గుమ్మం దగ్గరే ఫోన్ తీసేసుకున్నారు.

ఎలా జరిగిందో రాస్తాను. రాయకపోతే నాకు ఊపిరాడేలా లేదు. నేను, ఓబిలేష్, తిమ్మక్క, కొట్టాలవాళ్లు ఆరుగురం పోయాం. బల్ల మీద నీ పుస్తకాల దొంతర. నీ చేతిరాత దూరం నుంచే గుర్తుపట్టి నాకు గర్వంగా కూడా అనిపించింది చూడు. హరినాథ్ ఒకటి తెరిచి చదివాడు. "టపా సంచి అందినది. వచ్చిన మార్గం, బస్సు." ఇంకో పేజీ, బస్సు. ఇంకో ఏడాది, బస్సు. 1998 జూన్ నుంచి నువ్వు రిటైరయ్యేదాకా ప్రతి రోజూ. "ఐదువేల నాలుగువందల ముప్పై ఏడు సంతకాలు మేడమ్, ముగ్గురం కూర్చుని లెక్కపెట్టినాం. ఒక్కటి కూడా నడిచినట్టు లేదు. టపా మోసేవాడే బస్సెక్కినాక ఆ బాటలో ఇంకెవరు నడిచినారు?" అన్నాడు. అడిగింది నేను కాబట్టి నావైపు చూసి మరీ అన్నాడు.

తిమ్మక్క ఒక్కతే లేచింది. "ఆయప్ప మా గుడిసె ముందర నిలబడి కార్డు చదివి వినిపిచ్చినాడు సారూ. బస్సు మా కొట్టాల్లోకి ఎప్పుడొచ్చినాది?" అంది. ఆఫీసరమ్మ, నోటిమాట రాసుకోలేను తల్లీ అంది. ఇంకేమైనా ఆధారం ఉంటే నెల లోపల చూపించాలట, లేకపోతే చుక్కల గీత కొట్టేస్తారు.

బయటికొచ్చాక కొట్టాలవాళ్లు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. పద్నాలుగు కిలోమీటర్లు నడిచి ఇంటికి పోయారు. ఆ కాగితాన్ని వాళ్ల నెత్తిన వేసింది నేను.

మామా, నువ్వు నడవలేదా? వర్షంలో సంచిని చొక్కాలో పెట్టుకుని నడిచానన్నావు. నేను నీ మడమల పగుళ్లకు ఆముదం రాసింది అబద్ధమా? నేను స్కూలుకు ఎగనామం పెట్టి జ్వరమని చెప్పినందుకు నాకు మొట్టికాయ వేసింది నువ్వే. ఇప్పుడు నేనేం చెయ్యాలి?

ఇర్ఫానా

---

బళ్లారి
6 నవంబరు 2024

ఇర్ఫానాకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు అడిగిందాంట్లో తప్పేమీ లేదు. పుస్తకంలో ఉన్న సంతకాలు నావే. నేను నడిచిందీ నిజమే. వివరంగా రాస్తాను, షీరీన్‌కు కూడా ఇవాళే తెలిసింది.

1998 జూన్‌లో పైనుంచి ఆర్డరు వచ్చింది, ఇకనుంచి టపా సంచి బస్సులో పోవాలని. బస్సు తారురోడ్డు మీద చుట్టూ తిరిగి గుండ్లపల్లె చేరుతుంది. కొట్టాలు దారిలో రావు. వాళ్ల ఉత్తరాలు గుండ్లపల్లె పోస్టాఫీసులో ఉంటాయి, వాళ్లే వచ్చి తీసుకోవాలి. ఉత్తరం వచ్చిందని తెలిస్తే కదా వచ్చేది. తిమ్మక్క పెద్దకొడుకు అప్పుడు సైన్యంలో ఉన్నాడు, సరిహద్దులో. ఆమెకు చదువు రాదు. పది రోజులకొక కార్డు వచ్చేది, నేను గుడిసె ముందు నిలబడి చదివితేనే ఆమెకు ఆ పూట అన్నం దిగేది.

మొదటి రోజు బస్టాండులో నిలబడ్డాను. బస్సు వచ్చింది, కండక్టరు రమ్మన్నాడు. నా కాళ్లు ఎక్కలేదు. కొండ దాటి నడిచిపోయాను. గుండ్లపల్లెలో పుస్తకం తెరిస్తే, వచ్చిన మార్గం అని గడి. నడిచానని రాస్తే ఆర్డరు ధిక్కరించినట్టు. నన్ను తీసి వేరేవాణ్ణి పెడతారు, అతను బస్సే ఎక్కుతాడు. బస్సు అని రాశాను. అంతకుముందు పంతొమ్మిదేళ్లలో ఆ పుస్తకంలో నేను ఒక్క అబద్ధం రాయలేదు.

ఆ మరునాడు వంక దాటేటప్పుడు రెండు రాళ్లు ఏరుకున్నాను, ముందు రోజుది కలిపి. గుండ్రటివి, నీళ్లు నునుపు చేసినవి. కనుమ మీద పెట్టాను. ఆపైన రోజుకొకటి. పుస్తకానికొక అబద్ధం, కనుమకొక రాయి. ఖయామత్ నాడు, ఆఖరి తీర్పులో, దేవుడు పుస్తకం తెరిచి అడిగితే, అయ్యా, నడిచిన లెక్క అక్కడుంది చూసుకో అని చెప్పడానికి నాకంటూ ఒకటి ఉండాలి కదా. నా అబద్ధాల కుప్ప అది, అందుకే నీకు రాసిన గుర్తుల్లో దాన్ని దాటేశాను. సిగ్గుపడి దాచాను. దాచినందుకు నువ్వు దాన్ని తెలియక విప్పేశావు, నేను తెలిసీ మళ్లీ దాచాను. ఇద్దరం కలిసి తిమ్మక్క బాటకు తాళం వేయించాం.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది విను. ఒక్క రాయి తక్కువ కాలేదని రాశావు. అయితే అన్నీ బాట పక్కనే ఉన్నాయి, సున్నం కూడా కొట్టి ఉంచావు, కనబడతాయి. ఏరించు. ఆ పెద్దమనిషి నా సంతకాలు లెక్కపెట్టాడు కదా, నువ్వు రాళ్లు లెక్కపెట్టు. కొండమీద పుట్టే రాయి కోసుగా, ఎర్రగా ఉంటుంది. ఇవి వంక రాళ్లు. వంకలో రాయి తనంతట తాను కనుమ ఎక్కదు. బస్సులో అసలే పోదు.

ఉద్యోగంలో ఉండగా అబద్ధం రాశానని ఆఫీసరమ్మకు నేనే రాసి సంతకం పెట్టి ఇందులో పంపుతున్నాను. దానికి ఏ శిక్ష వేసినా సరే. ముసలివాణ్ణి ఏం చేస్తారులే.

నీ మామ
రహంతుల్లా

---

అనంతపురం
27 నవంబరు 2024

మామకు వెయ్యి సలాములు.

నీ ఉత్తరం కాలేజీలో స్టాఫ్ రూములో చదివాను. ఓబిలేష్ వచ్చి, ఏమైంది మేడమ్ అని ఉత్తరం తీసుకుని చదివి, "సున్నం కలిపింది నేను కదా" అని గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. పగలు పదకొండింటికి ఇద్దరం ఏడుస్తుంటే పిల్లలు హడలిపోయారు.

రెండు ఆదివారాలు పనిచేశాం. నడక బృందంలో అందరికీ నీ సంగతి చెప్పాను, నువ్వు కోప్పడినా సరే. మొదటివారం నూట పది మంది వచ్చారు. గేటు మూసి ఉంది కాబట్టి గుండ్లపల్లె వైపు నుంచి ఎక్కాం. షుగరున్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, మా ప్రిన్సిపాల్ గారు, కొట్టాల ఆడవాళ్లు, ఎర్రమిట్ట బడి అయ్యవారు. ఒక్కో రాయి ఏరి మళ్లీ కనుమ మీదికి. దించడం సులువుగా దించేశాం మామా. ఎక్కిస్తే తెలిసింది. తిమ్మక్క ఒక రాయి చేతిలో తిప్పి తిప్పి చూసి, "భుజాన సంచి, చేతిలో రాయి, దినామూ చూస్తాంటిమి. కుక్కలను తరమడానికేమో అనుకుంటిమి" అంది.

మొన్న సోమవారం ఆఫీసరమ్మ స్వయంగా వచ్చింది, పక్కన హరినాథ్. గేటు తీయించి, కంచె లోపలున్న రాళ్లు కూడా ఆమె ఎదుటే తెచ్చాం. వందేసి చొప్పున వరసలు పేర్చి ఆమె గుమాస్తాతోనే లెక్కపెట్టించాం. ఐదువేల మూడువందల డెబ్భై ఆరు. అరవై ఒకటి తక్కువ. ఓబిలేష్ గొంతు సవరించుకుని, ముద్దుగా ఉన్నాయని ఐదు రాళ్లు ఇంటికి తీసుకుపోయి చేపల తొట్టిలో వేశానని ఒప్పుకున్నాడు. నేను అతణ్ణి చూసిన చూపుకు బండేసుకుని పోయి గంటన్నరలో తెచ్చాడు, తడి రాళ్లు. అయినా యాభై ఆరు తక్కువే.

ఆ తక్కువ పట్టుకుని హరినాథ్ ఏదో అనబోయాడు. ఆఫీసరమ్మ అతని మాట వినలేదు. ఒక రాయి తీసుకుని, వంక దాకా తానే నడిచి దిగింది, అక్కడి రాళ్లతో పోల్చి చూసుకుంది, మళ్లీ ఎక్కి వచ్చింది. ఆయాసపడుతూనే "రోజూనా?" అంది. "పంతొమ్మిదేళ్లు" అన్నాను. నీ పుస్తకం తెరిపించి కుప్ప పక్కన పెట్టించి ఫొటో తీయించింది. "వీళ్లు సంతకాలు లెక్కపెట్టి మంచి పని చేశారు, ఇప్పుడు రెండు లెక్కలున్నాయి నా దగ్గర" అని హరినాథ్‌తో అంది.

పూర్తిగా గెలిచామని చెప్పను. సర్వే కావాలి, ఆసామి కోర్టుకు పోతానంటున్నాడు. కానీ సర్వే తేలేదాకా బాట మూయకూడదని అక్కడే రాసి సంతకం పెట్టింది. నిన్న పదకొండు మంది పిల్లలూ బడికొచ్చారట. డిసెంబరు 8 ఆదివారం రెండువందల మంది నడుస్తామని పేర్లిచ్చారు. నడిచే జనం ఉంటే గేటు పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు. నువ్వు తప్పు ఒప్పుకుని పంపిన కాగితం ఆమె ఫైలులో పెట్టుకుని, "రిటైరైన మనిషి మీద నేను ఎవరికీ రాయను" అంది.

ఒక్క అనుమానం మామా. మిగతా యాభై ఆరు ఏమయ్యాయి? కంప కింద, గుండు సందుల్లో, అంతటా వెతికించాను. ఇంకెవరైనా ఇంటికి పట్టుకుపోయారేమో, ఒక్కొక్కరినీ అడుగుతున్నాను.

నిన్ను అనుమానించిన నీ మేనకోడలు
ఇర్ఫానా

---

బళ్లారి
3 డిసెంబరు 2024

ఇర్ఫానాకు దీవెనలు.

యాభై ఆరు అనే అంకె దగ్గర చదవడం ఆపి, బయటికి పోయి కాసేపు నిలబడ్డాను. అంత సరిగ్గా తేలుతుందనుకోలేదు. పదమూడేళ్లయింది, నేను కూడా ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు.

ఎవరినీ అడగొద్దు. ఎవరూ తీసుకుపోలేదు.

2011లో మీ అత్త మస్తానాబీ అనంతపురం ఆసుపత్రిలో ఉంది, నీకు గుర్తుండే ఉంటుంది, మీ అమ్మ క్యారియరు తెచ్చేది. సంచి అప్పజెప్పి పదింటికల్లా ఆమె దగ్గర ఉండాలంటే నడిస్తే కుదరదు. ఆ యాభై ఆరు పనిరోజులూ నేను బస్సెక్కాను. పుస్తకంలో బస్సు అని రాశాను. నిజం రాసిన రోజు రాయి ఎందుకు? పెట్టలేదు.

మీ అత్తను మట్టి చేశాక, యాభై ఏడో రోజు మళ్లీ వంక దాటి, రాయి ఏరుకుని, కనుమ ఎక్కి దిగాను. కొట్టాల్లో రెండు నెలల ఉత్తరాలు బాకీ. తిమ్మక్క గుడిసె ముందు చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. రోజూ నన్ను చూడగానే, కార్డుండాదా అని అడిగే మనిషి. ఆ రోజు అడగలేదు. నీళ్లిచ్చి, నేను తాగేదాకా నిలబడి, చెంబు తీసుకుని లోపలికి పోయింది.

వచ్చే ఆదివారం మీ రెండువందల మందిలో నన్నూ రాసుకో. షీరీన్ వద్దంటోంది, వినను. ఎర్రమిట్ట దాకా బస్సులో వస్తాను. అక్కణ్ణుంచి నడుస్తాను.

మీ మామ
రహంతుల్లా